కాలు తీసేయాలన్నారా? బెలూన్ చికిత్సకు ఎలా సిద్ధమవ్వాలి, తర్వాత ఏం చూసుకోవాలి

నెలకు నలుగురైదుగురు నన్ను అడిగే ప్రశ్న ఒకటే. "నాన్నకి షుగర్, కాలి వేలు నల్లబడింది, కాలు తీసేయాలంటున్నారు, మీ నాన్నగారికి బెలూన్ వేశారట కదా, ఏం చేయాలి?" బెలూన్ వేయడమంటే కాలికి రక్తం తెచ్చే నాళం మూసుకుపోతే దాన్ని లోపలినుంచి చిన్న బెలూన్‌తో తెరవడం. ఫోన్లో ఒక్కొక్కరికీ ముక్కలు ముక్కలుగా చెప్పేకంటే మొత్తం ఒకచోట రాస్తే మేలనిపించింది. నేను డాక్టర్‌ని కాదు. నాన్న కాలి కోసం రెండేళ్ళు తిరిగి, కనిపించిన ప్రతి డాక్టర్నీ, నర్సునీ, టెక్నీషియన్నీ అడిగి అడిగి రాసుకున్నవి ఇవి. ఏ మందు ఎంత వేయాలి, ఏది ఆపాలి అన్నది మాత్రం మీ డాక్టరే చెప్పాలి.

అన్నిటికంటే ముందు ఒక్క ప్రశ్న నోటికి తెచ్చుకోండి: "కాలికి రక్తం ఎంత వస్తోందో కొలిచారా?" మేము మొదట వెళ్ళిన చోట ఏడు వారాలు డ్రెస్సింగ్ మారుస్తూనే ఉన్నారు, యాంటీబయాటిక్ మారుస్తూనే ఉన్నారు, ఒక్కరంటే ఒక్కరు పాదం మీద నాడి పట్టుకుని చూడలేదు. కిందికి రక్తమే రాకపోతే పైన ఎంత ఖరీదైన మందు పూసినా ఆ పుండు మానదు. ఈ సంగతి మాకు ఏడు వారాల తర్వాత తెలిసింది, మీకు ఈ రోజే తెలియాలని నా ఆశ.

దీనికి ఒక మినహాయింపు ఉంది, తప్పకుండా గుర్తుంచుకోండి. పాదం నుంచి చీము, దుర్వాసన, పైకి పాకుతున్న ఎరుపు, జ్వరం, చలి ఉంటే అది ఆగే పని కాదు. అదే రోజు ఆసుపత్రిలో చేర్చాలి, చీము తీయాలి, అవసరమైతే కుళ్ళిన భాగం వెంటనే తీయాలి. ఎండిపోయి నల్లబడిన వేలు విషయంలో మాత్రం సాధారణంగా ముందు రక్తం తెప్పించి, తర్వాత ఎంతవరకు తీయాలో నిర్ణయిస్తారు. ముందే కోస్తే కోసిన చోట కూడా మానక ఇంకాస్త పైకి కోయాల్సి వస్తుంది.

ఇంకో చిక్కు మన భాషలోనే ఉంది. మనం రక్తనాళాన్నీ నరం అంటాం, స్పర్శ తెలిపే దాన్నీ నరం అంటాం, కాలి మీద నీలంగా ఉబ్బిన వాటినీ నరాలే అంటాం. అందుకే "కాలి నరం పట్టేసింది" అనగానే కొందరు న్యూరాలజీకి వెళ్తారు, కొందరు విటమిన్ సూదులు వేయించుకుంటారు. ఇక్కడ మాట్లాడేది గుండె నుంచి కాలికి మంచి రక్తం తెచ్చే ధమని గురించి. దాన్ని చూసేది వాస్క్యులర్ సర్జన్, లేదా ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్ట్. కొన్నిచోట్ల గుండె డాక్టర్లు కూడా చేస్తారు. ఓపీ చీటీ రాయించేటప్పుడు ఈ పేర్లే చెప్పండి. హైదరాబాద్ నిమ్స్‌లో వాస్క్యులర్ సర్జరీ విభాగం ఉంది, పెద్ద కార్పొరేట్ ఆసుపత్రుల్లోనూ ఉంటుంది, మీ జిల్లా కేంద్రంలో ఉందో లేదో ముందే ఫోన్ చేసి కనుక్కోండి.

ఏమేం సిద్ధం చేసుకోవాలి

- పాత రిపోర్టులన్నీ, ముఖ్యంగా క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చూసే రక్తపరీక్ష), షుగర్, గుండె ఎకో. తేదీల వారీగా పేర్చండి
- ఇప్పుడు వాడుతున్న మందుల అట్టలు. రాసిన చీటీ కంటే అట్టలే నయం, అక్షరం తప్పు చదివే ప్రమాదం ఉండదు
- ఆధార్, రేషన్ కార్డు లేదా ఆరోగ్య కార్డు, ఇన్సూరెన్స్ కాగితాలు
- పుండు ఫోటోలు, తేదీలతో
- రాత్రి పక్కన ఉండగలిగే ఒక మనిషి, మర్నాటి నుంచి ఇంకో మనిషి
- పాదానికి వదులుగా ఉండే మెత్తటి చెప్పులు

1. ఇంట్లోనే కాలు చూడండి

రెండు సాక్స్‌లూ విప్పించి, వెలుతురులో పడుకోబెట్టి చూడండి. మీ చేతి వెనుక భాగంతో మోకాలి నుంచి వేళ్ళదాకా తడమండి, ఒక కాలు రెండోదానికంటే చల్లగా ఉందా? తర్వాత నాడి. పాదం పైన, బొటనవేలికీ పక్క వేలికీ మధ్య నుంచి పైకి వస్తే పాదం మధ్యలో ఒక చోట, ఇంకా లోపలి చీలమండ ఎముక వెనుక ఇంకో చోట నాడి తగలాలి. చూపుడు వేలు, మధ్య వేలు, ఉంగరం వేలు ఆనించి చూడండి, బొటనవేలితో వద్దు, మీ నాడే మీకు తగిలి మోసపోతారు. కొందరికి పుట్టుకతోనే పాదం మీద నాడి దొరకదు, కాబట్టి దొరకలేదని కంగారు పడకండి, దొరికిందని పూర్తిగా ధీమా పడకండి. ఇది డాక్టర్ దగ్గరికి వెళ్ళడానికి కారణం మాత్రమే, రోగ నిర్ధారణ కాదు.

అడగాల్సిన ప్రశ్నలు మూడు. కొంత దూరం నడిచేసరికి పిక్క పట్టేసి, ఆగితే కొద్ది నిమిషాల్లో తగ్గుతోందా? రాత్రి పడుకుంటే పాదం మంట పుట్టి, మంచం మీంచి కాలు కిందికి వేలాడేస్తే హాయిగా ఉంటోందా? పుండు రెండు వారాలు దాటినా మానడం లేదా? నాన్న నెలల తరబడి కుర్చీలో కూర్చునే నిద్రపోయేవారు, మేము మోకాళ్ళ నొప్పి అనుకున్నాం. షుగర్ వల్ల స్పర్శ పోయినవాళ్ళకి అసలు నొప్పే తెలియకపోవచ్చు, అది ఇంకా ప్రమాదం.

కాలు ఉన్నట్టుండి పాలిపోయి, మంచులా చల్లబడి, తీవ్రంగా నొప్పి పుట్టి, తిమ్మిరెక్కి కదలకపోతే మాత్రం ఈ అంచెలన్నీ వదిలేసి వెంటనే బయల్దేరండి. లోపల రక్తం గడ్డ అడ్డుపడి ఉండొచ్చు. ఆరు గంటల్లోపు రక్తం మళ్ళీ అందితే కాలు దక్కే అవకాశం ఎక్కువ. తెల్లారాక చూద్దాం అనుకోవద్దు.

2. పరీక్షలు ఈ వరుసలో చేయించండి

మొదట ఏబీఐ. చేతికీ, చీలమండకీ బీపీ చూసి చీలమండ అంకెను చేతి అంకెతో భాగిస్తారు, సూది కూడా ఉండదు. 1.0 నుంచి 1.4 దాకా మామూలు, 0.9 లేదా అంతకంటే తక్కువైతే అడ్డంకి ఉన్నట్టు, 0.4 కంటే తక్కువైతే బాగా తీవ్రం. ఇక్కడే చాలామంది పొరపడతారు: ఏళ్ళ తరబడి షుగర్ ఉన్నవాళ్ళకి, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళకి ధమని గోడ సున్నంలా గట్టిపడి బీపీ పట్టీకి నొక్కుకోదు, అంకె మామూలుగానో 1.4 కంటే ఎక్కువగానో వస్తుంది. "నార్మల్ వచ్చింది" అని ఇంటికి పంపిస్తే, బొటనవేలి దగ్గర ప్రెషర్ చూస్తారా అని అడగండి.

తర్వాత డాప్లర్ స్కాన్, అంటే నాళాల్లో రక్తం ఎలా పారుతోందో చూసే అల్ట్రాసౌండ్. ల్యాబ్‌లో ఇది అడిగేటప్పుడు "ఆర్టీరియల్ డాప్లర్" (ధమనులకు చేసేది) అని స్పష్టంగా చెప్పాలి. వట్టి డాప్లర్ అంటే సిరలకు చేసి పంపిన సందర్భాలు నాకు తెలిసినవే రెండున్నాయి, డబ్బు, రోజు రెండూ పోయాయి. అడ్డంకి ఎక్కడ, ఎంత పొడుగు అన్నది తేలాలంటే సీటీ యాంజియో (రక్తనాళాల బొమ్మ తీసే స్కాన్) రాస్తారు. దానికి రంగుమందు ఎక్కిస్తారు కాబట్టి ముందు క్రియాటినిన్ చూడాల్సిందే. కిడ్నీ బలహీనంగా ఉంటే "డాప్లర్ మీదనే వెళ్ళొచ్చా, కార్బన్ డయాక్సైడ్ వాయువుతో యాంజియో చేసే వీలుందా" అని అడగండి, ఆ దారి కూడా ఉంది.

3. బెలూనా, బైపాసా, నడకా అన్నది తేల్చుకోండి

అందరికీ బెలూన్ అక్కర్లేదు. పుండు లేదు, రాత్రి నొప్పి లేదు, నడిస్తేనే పిక్క పట్టేస్తోంది అంటే మొదటి మందు నడకే. నొప్పి వచ్చేదాకా నడవడం, ఆగడం, తగ్గాక మళ్ళీ నడవడం, ఇలా 30 నుంచి 45 నిమిషాలు, వారానికి కనీసం మూడు రోజులు, మూడు నెలలు. దానితోపాటు మందులు, పొగ మానడం. పాదానికి పుండు ఉన్నవాళ్ళు మాత్రం ఈ నడక పెట్టుకోకూడదు.

పుండు ఉంటే, వేలు నల్లబడితే, రాత్రి నొప్పి ఉంటే రక్తం తెప్పించాలి. బెలూన్ అంటే గజ్జ దగ్గర చిన్న రంధ్రం చేసి, సన్నటి తీగను అడ్డంకి దాటించి, దాని మీదుగా బెలూన్ పంపి ఉబ్బించి దారి తెరవడం. అవసరమైన చోట స్టెంట్ (నాళం మళ్ళీ మూసుకోకుండా పట్టే చిన్న జాలీ గొట్టం) పెడతారు. కొన్నిసార్లు మందు పూసిన బెలూన్ వాడతారు. బైపాస్ అంటే కాలి సిరను తీసి పక్కదారి కుట్టడం. బెలూన్ చిన్న పని, కుట్లు ఉండవు, వయసు మీరినవాళ్ళూ గుండె బలహీనంగా ఉన్నవాళ్ళూ తట్టుకుంటారు. కానీ అడ్డంకి చాలా పొడుగ్గా ఉండి, మనిషి దృఢంగా ఉండి, కాలి సిర బాగుంటే బైపాసే ఎక్కువకాలం నిలిచే వాళ్ళూ ఉన్నారు. కాబట్టి "నాన్నకి బైపాస్ ఎందుకు వద్దంటున్నారు?" అని అడగడం అమర్యాద కాదు. రెండూ తెలిసిన డాక్టర్ కారణం చెప్తారు.

ఈ చికిత్స పుట్టిందే కాలు తీయొద్దన్న ఒక ముసలావిడ పట్టుదల వల్ల. 1964 జనవరి 16న అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో చార్లెస్ డాటర్ అనే రేడియాలజిస్ట్ 82 ఏళ్ళ ఆవిడకి మొదటిసారి ఇలా కోత లేకుండా కాలి ధమని తెరిచాడు, అయితే అప్పటికి బెలూన్ లేదు, సన్నటి గొట్టాలతోనే. ఆవిడ వేళ్ళు కుళ్ళుతున్నా కాలు తీయించుకోనని మొండికేసింది. కాలు నిలిచింది. వెయిటింగ్ హాల్లో కూర్చున్న రోజుల్లో ఈ సంగతి చదివి నాన్నకి చెప్పాను.

4. ఖర్చు సంగతి చేరకముందే తేల్చండి

తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు ఉంటే, ఆసుపత్రిలో ఉండే ఆరోగ్యమిత్ర దగ్గరికి వెళ్ళి రెండు ప్రశ్నలు విడివిడిగా అడగండి: ఈ కాలి యాంజియోప్లాస్టీ (బెలూన్ చికిత్స అసలు పేరు) ప్యాకేజీ పథకంలో ఉందా, ఈ ఆసుపత్రికి ఆ విభాగంలో అనుమతి ఉందా. ఆసుపత్రి పథకంలో ఉన్నంత మాత్రాన ప్రతి చికిత్సా ఉన్నట్టు కాదు. డబ్బు కట్టి చేస్తుంటే ఎస్టిమేట్‌లో బెలూన్లు ఎన్ని, స్టెంట్ వేస్తే అదనం ఎంత, రెండో రోజు వేలు తీయాల్సి వస్తే అది కలిసిందా లేదా అని రాయించుకోండి. బిల్లు పెరిగేది ఎక్కువగా ఇక్కడే.

5. ముందు రోజు

మందుల అట్టలన్నీ బల్ల మీద పెట్టి ఒక్కొక్కటీ చూపించి "ఇది రేపు వేయాలా?" అని అడగండి. మెట్‌ఫార్మిన్, ఇన్సులిన్, రక్తం పలచబడే మందులు, ఈ మూడింటి గురించి విడిగా అడగాలి. ఆస్పిరిన్ ఆపమని వీధి చివర ఆర్‌ఎంపీ చెప్పాడని ఆపకండి, చాలాసార్లు అది కొనసాగించమనే చెప్తారు. పరగడుపున ఎన్ని గంటలు ఉండాలో అడిగి, ఇన్సులిన్ మామూలు మోతాదు వేసి అన్నం పెట్టకుండా ఉంచే పొరపాటు చేయకండి, షుగర్ పడిపోతుంది. ఇంతకుముందు రంగుమందుకి దద్దుర్లు వచ్చి ఉంటే తప్పక చెప్పండి.

చుట్ట, బీడీ, ఖైనీ, గుట్కా ఏది ఉన్నా దాచకుండా చెప్పండి. ఉత్తరాంధ్రలో అడ్డ పొగ (నిప్పు ఉన్న కొనను నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చడం) తాగే పెద్దమ్మలు ఉన్నారు, ఆడవాళ్ళని డాక్టర్ అడగరు, ఇంట్లోవాళ్ళు చెప్పరు. చెప్పాలి. నలభై లోపు మగవాళ్ళకి వేళ్ళు కుళ్ళితే చాలాసార్లు పొగాకు వల్ల వచ్చే బర్జర్ జబ్బు అయి ఉంటుంది, దానికి పొగాకు పూర్తిగా మానడమే అసలు చికిత్స. ఒక్క బీడీ కూడా పనికిరాదు.

6. ఆ రోజు

క్యాథ్ ల్యాబ్‌లో (ఈ చికిత్స చేసే గది) గజ్జ దగ్గర మత్తుసూది ఇస్తారు, మనిషి మెలకువగానే ఉంటాడు. గంట నుంచి మూడు గంటలు పట్టొచ్చు. మూడు గంటలైందని బయట కూర్చుని ఏడవకండి, మోకాలి కింది నాళాలు సన్నవి, తీగ దాటించడానికే సమయం పడుతుంది. పైనుంచి దాటకపోతే పాదం దగ్గర నుంచి పైకి తీగ పంపడం కూడా చేస్తారు. కొన్నిసార్లు ఎంత ప్రయత్నించినా దాటదు. అప్పుడు ఏం చేస్తారో సంతకం పెట్టేటప్పుడే అడిగి ఉంచుకోండి.

7. బయటికి వచ్చాక మొదటి రోజు

ఇక్కడ పక్కనున్న మనిషి పని పెద్దది. రంధ్రం చేసిన కాలు మడవకూడదు, సాధారణంగా నాలుగు నుంచి ఆరు గంటలు వెల్లకిలా పడుకోవాలి. దగ్గితే, తుమ్మితే గజ్జ మీద అరచెయ్యి అదిమి పట్టుకోమనండి. బాత్రూమ్‌కని లేపడమే అందరూ చేసే తప్పు, బెడ్‌పాన్ అడగండి, సిగ్గుపడే సమయం కాదిది.

వెంటనే నర్సుని పిలవాల్సినవి: గజ్జలో ఉబ్బు పెరగడం, రక్తం కారడం, నడుము నొప్పితో చెమటలు పట్టి నీరసించడం (రక్తం లోపలికి కారుతూ ఉండొచ్చు, పైకి చుక్క కూడా కనిపించదు), కాలు మళ్ళీ చల్లబడటం, మూత్రం తగ్గిపోవడం. రక్తం కారుతుంటే గట్టిగా నొక్కిపట్టి అరవండి, గుడ్డ తేవడానికి పరుగెత్తకండి.

పాదం వాచిందని భయపడకండి, చాలాకాలం రక్తం లేని కాలికి ఒక్కసారిగా వస్తే కొన్ని రోజులు వాపు ఉంటుంది. పిక్క మాత్రం రాయిలా గట్టిపడి, వేళ్ళు కదిపితే భరించలేని నొప్పి వస్తే వెంటనే చెప్పాలి.

8. డిశ్చార్జ్ ముందు అడిగి తీసుకోవాల్సినవి

యాంజియో సీడీ, ముందూ తర్వాతా బొమ్మలతో. డాక్టర్ని ఇలా అడగండి: "మోకాలి కింద మూడు నాళాల్లో పాదం దాకా నేరుగా ఎన్ని తెరుచుకున్నాయి?" పుండు మానడానికి తరచుగా ఒక్కటి చాలు, కానీ ఆ ఒక్కటి పాదం దాకా రావాలి. తొడ దగ్గర స్టెంట్ వేసి "సక్సెస్" అని రాసినా కింద అంతా మూసుకునే ఉంటే పుండు కదలదు.

ఆస్పిరిన్‌తోపాటు రక్తం పలచబడే రెండో మందు ఎన్ని నెలలు వేయాలో తేదీతో రాయించుకోండి. కొలెస్ట్రాల్ మందు కూడా రాస్తారు. "నాకు కొలెస్ట్రాల్ లేదుగా" అని నాన్న ఆపేశారు, నెల తర్వాత దొరికిపోయారు. అది రక్తనాళం గోడ కోసం, రిపోర్టులో అంకె కోసం కాదు. పన్ను పీకించుకోవాలన్నా, ఏ చిన్న ఆపరేషన్ అన్నా, ఈ మందులు ఎవరో చెప్పారని ఆపకుండా ముందు ఈ డాక్టర్‌కి ఫోన్ చేయండి.

9. ఇంట్లో ఎలా సరిచూసుకోవాలి

వారానికోసారి, ఒకే వెలుతురులో, పుండు పక్కన తాకకుండా స్కేలో పది రూపాయల బిళ్ళో పెట్టి ఫోటో తీయండి. రోజూ చూసే కంటికి తేడా తెలియదు, ఫోటోలు పక్కపక్కన పెడితే తెలుస్తుంది. నాలుగు వారాల్లో పుండు సగానికి సగం తగ్గితే దారిలో ఉన్నట్టు. తగ్గకపోతే తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా వెళ్ళండి. ఎర్రటి కండ పుట్టడం, పాదం వెచ్చబడటం, రాత్రి కాళ్ళు చాపి పడుకోగలగడం, ఇవి మంచి గుర్తులు. నాన్న మంచం మీద అడ్డంగా పడుకుని గురక పెట్టిన మొదటి రాత్రి అమ్మ లేచి కూర్చుని చూస్తూ ఉండిపోయింది.

బెలూన్ వేసిన నాళం మళ్ళీ సన్నబడొచ్చు, మోకాలి కింద అయితే ఏడాదిలోపే ఇది చాలామందికి జరుగుతుంది. ఈలోగా పుండు మాని ఉంటే చాలాసార్లు ఇబ్బంది ఉండదు, మాననివాళ్ళకి మళ్ళీ బెలూన్ వేస్తారు. అందుకే డాప్లర్ తేదీలు క్యాలెండర్‌లో రాసుకోండి: సాధారణంగా నెలకి, మూడు నెలలకి, ఆరు నెలలకి, ఏడాదికి.

ఇంట్లో జరిగే తప్పులు, నేను చూసినవే

వేడినీళ్ళ కాపడం. స్పర్శ లేని పాదానికి నీళ్ళు ఎంత వేడో తెలియదు, పొద్దున్నకి బొబ్బలు. పాదం చల్లగా ఉంటే దుప్పటి కప్పండి, హాట్ బ్యాగ్ వద్దు.

సిరల జబ్బుకి వేసే బిగుతు మేజోళ్ళు. పక్కింటివాళ్ళకి మేలు చేశాయని వేస్తారు, రక్తం తక్కువున్న కాలికి అవి ఉన్న కాస్త దారినీ నొక్కేస్తాయి. వాపు కనిపించినా సరే, డాక్టర్ చెప్పకుండా వద్దు.

ఆనెకాయల్ని బ్లేడుతో కోయడం, పుండు మీద పసరు, పసుపు, సున్నం. నొప్పి తెలియడం లేదు కదా అని లోతుగా కోసేస్తారు.

వట్టి కాళ్ళతో నడక. ఇది చెప్తే పెద్దవాళ్ళకి కోపం వస్తుంది, నాన్నకీ వచ్చింది. తిరుమల మెట్లు, 14 కిలోమీటర్ల అరుణాచలం గిరి ప్రదక్షిణ, మధ్యాహ్నం గుడి ఆవరణలో కాలే రాళ్ళు, స్పర్శ లేని పాదం వీటికి తట్టుకోదు. మొక్కు ఉంటే పుండు పూర్తిగా మానాక డాక్టర్‌ని అడిగి, పొద్దున్నే, మెత్తటి మేజోళ్ళు వేయించి తీసుకెళ్ళండి, ఇంటికి రాగానే అరికాళ్ళు చూడండి. వంగి చూసుకోలేకపోతే నేల మీద అద్దం పెట్టి పైన పాదం ఆడిస్తే సరిపోతుంది.

చివరిగా చాలామంది అడగకుండా వదిలేసేది రెండో కాలు. ఒక కాలికి అడ్డంకి ఉన్నవాళ్ళకి రెండోదానిలోనూ, గుండెలోనూ, మెడ నాళాల్లోనూ ఉండే అవకాశం ఎక్కువ. డాప్లర్‌కి వెళ్ళిన రోజు రెండు కాళ్ళకీ చేయమని చీటీ మీద రాయించండి, ఈసీజీ, ఎకో ఎప్పుడు చేయాలో కూడా అదే రోజు అడిగి రండి.